సీల్ మూడుసార్లు మార్చినా ఆయిల్ ఆగట్లేదు

పాఠకుల ప్రశ్నలకు నల్లగొండ మెకానిక్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు: ఆయిల్ కారుతోంది. నాట్లు అయిపోయాక ప్రతి ఏడూ ఇంతే. డమ్ము చేసిన పొలాల్లో, కాలువ కట్టల మీద తిరిగిన బండ్లన్నీ ఒక్కసారిగా షెడ్డుకు వస్తాయి. 2011లో హీరో ఇంపల్స్, తర్వాత 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చినప్పటి నుంచి మన పల్లెల్లో కూడా ఈ పొడుగు ఆఫ్‌రోడ్ బండ్లు కనబడుతున్నాయి. నేను చెప్పేది ఏ ఒక్క కంపెనీ బండి గురించో కాదు. మట్టిలో తిరిగే బండి ఏదైనా దాని తిప్పలు ఇవే. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఆపి, ఈసారి ఆయిల్ సంగతే చూద్దాం.

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హాలియా పక్కన పల్లె. రెండేళ్ల కింద 200 సీసీ ఆఫ్‌రోడ్ బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. వారమంతా కాలువ కట్ట మీద పొలానికి, ఆదివారం దోస్తులతో గుట్టలకు పోతాను. ఆర్నెల్ల నుంచి ఎడమ పక్క, చిన్న స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే ముందు పళ్ల చక్రం) కింద ఆయిల్ కారుతోంది. పొద్దున లేచి చూస్తే బండి కింద అరచేయంత మరక. ఇద్దరు మెకానిక్‌ల దగ్గర మూడుసార్లు సీల్ (షాఫ్ట్ చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు చుట్ట) మార్పించాను. మార్చిన రెండో రోజుకే మళ్లీ మరక కనబడుతోంది. ఇప్పుడు రెండో ఆయన ఇంజిన్ మొత్తం విప్పి రెండు ముక్కలు చేయాలంటున్నాడు. ఒకసారి విప్పిన ఇంజిన్ మళ్లీ మునుపటిలా ఉండదని మా నాన్న అంటున్నాడు. బాగా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ఇంజిన్ అప్పుడే విప్పించకు. నీ ఉత్తరంలో ఒక మాట చాలా పనికొచ్చేది ఉంది. మార్చిన రెండో రోజుకే మరక అన్నావు. కొత్త సీల్ రెండు రోజుల్లో అరిగిపోదు. అది కూడా మూడుసార్లు, ఇద్దరు మనుషుల చేతుల్లో. కాబట్టి ఉంటే రెండే సంగతులు. సీల్ ఎక్కించేటప్పుడే దాని అంచు తెగుతూ ఉండాలి, లేదంటే ఆయిల్ ఆ సీల్ దారిన రావడమే లేదు. నాకు రెండోదే అనిపిస్తోంది.

ముందు కడుగు. పానా పట్టుకోకముందు కడగాలి. చిన్న స్ప్రాకెట్ మీది కవర్ విప్పితే దాని వెనక ఎర్ర చెల్క మట్టి, చైన్ ఆయిల్, వరిగడ్డి పీచు కలిసి ఎండి ఇటుక ముక్కలా గట్టిపడి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడవకు, సీల్‌కు గీత పడుతుంది. కట్టెపుల్లతో పెళ్లగించు. డీజిల్‌లో ముంచిన పాత పెయింట్ బ్రష్‌తో రుద్ది, సబ్బునీళ్లతో కడిగి, పొడి బనియన్ గుడ్డతో తుడువు. చేత్తో తడిమితే వేలికి నూనె అంటకూడదు. అప్పటిదాకా కడుగుతూనే ఉండు. ఈ పనికి గంట పడుతుంది. షెడ్డులో పది బండ్లు లైన్లో ఉన్నప్పుడు ఏ మెకానిక్కూ నీ బండి మీద ఆ గంట పెట్టడు. అందుకే నువ్వే చేసుకో.

తర్వాత పిల్లలకు అద్దే పౌడర్ డబ్బా తీసుకుని పల్చగా చల్లు. స్ప్రాకెట్ వెనక, గేర్ రాడ్డు షాఫ్ట్ చుట్టూ, మాగ్నెట్ (కరెంటు పుట్టించే భాగం) కవర్ జాయింట్ పొడుగునా, ఆ కవర్‌లోంచి వైర్లు బయటికొచ్చే రబ్బరు దగ్గర, పైన బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) అడుగున ఉండే ప్యాకింగ్ దగ్గర. నేను 1997లో గడియారం సెంటర్ దగ్గర పనికి చేరినప్పుడు మా ఉస్తాద్ సుద్దముక్కలు నూరి ఆ పొడి చల్లేవాడు. నన్ను బండి పక్కన కూర్చోబెట్టి, ‘చుక్క ఎక్కడ పుట్టిందో చూసి చెప్పు, అప్పటిదాకా పానా ముట్టొద్దు’ అనేవాడు. పదిహేనేళ్ల పిల్లవాణ్ణి, మోకాళ్లు నొప్పి పుట్టేవి. ఇవాళ్టికీ నేను చేసేది అదే పని.

బండిని స్టాండ్ మీద పెట్టి న్యూట్రల్‌లో ఐదు నిమిషాలు నడిపి ఒకసారి చూడు. అప్పుడేమీ కనబడకపోతే లీకు లేదనుకోకు. న్యూట్రల్‌లో బండి నిలబడి ఉంటే స్ప్రాకెట్ షాఫ్ట్ తిరగదు, కాబట్టి అక్కడి లీకు బయటపడకపోవచ్చు. కవర్ బిగించి ఊర్లోనే ఓ రెండు కిలోమీటర్లు మెల్లగా తిప్పుకొని వచ్చి, ఇంజిన్ ఆపి, మళ్లీ కవర్ విప్పు. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నా: కవర్ లేకుండా గేర్ వేసి చక్రం తిప్పుతూ గుడ్డతో తుడవొద్దు. గుడ్డతో పాటు వేళ్లు లోపలికి పోతాయి. నా పక్కన పనిచేసిన ఒక పిల్లవాడికి అలాగే చూపుడు వేలు కొస పోయింది.

ఇప్పుడు పౌడర్ మీద ఆయిల్ ఒక గీతలా దిగి ఉంటుంది. అందరూ ఆ గీత కింది కొన చూస్తారు. నువ్వు పై కొన చూడు. బండి నడుస్తుంటే గాలికి నూనె వెనక్కి, కిందికి పారుతుంది. కాబట్టి నువ్వు చూసే మరక కన్నా పుట్టిన చోటు ముందుకో పైకో ఉంటుంది. చిన్న స్ప్రాకెట్ దగ్గర కారినట్టు కనిపించేదాంట్లో సగం గేర్ షాఫ్ట్ సీల్‌దో, మాగ్నెట్ వైర్ల రబ్బరుదో అయి ఉంటుంది. పైనుంచి చెమటలా దిగి అక్కడ పోగవుతుంది. కింద ఎన్ని కొత్త సీళ్లు వేసినా పైనున్న లీకు ఎందుకు ఆగుతుంది?

పౌడర్ తడిసింది స్ప్రాకెట్ మధ్యలో, షాఫ్ట్ పళ్ల మీదుగా అయితే మాత్రం నీ దొంగ దొరికినట్టే. చాలా బండ్లలో సీల్ అంచు షాఫ్ట్‌ను నేరుగా తాకదు. షాఫ్ట్ మీద ఒక ఇనుప కాలర్ ఎక్కించి ఉంటుంది, అది షాఫ్ట్‌తో పాటు తిరుగుతుంటే సీల్ అంచు దాన్ని రాసుకుంటూ ఉంటుంది. కాలర్‌కూ షాఫ్ట్‌కూ మధ్య సన్నటి సందు. ఆ సందును మూసేది ఉంగరమంత రబ్బరు చుట్ట, ఓ రింగ్. అది ఎండి, చదునై, పగిలిపోతే ఆయిల్ కాలర్ లోపలి నుంచి పళ్ల వెంట బయటికి వస్తుంది. బయటి సీల్ బంగారంలా ఉన్నా సరే. చెరువు తూముకు కొత్త షట్టర్ బిగించి, కట్టలో ఎండ్రకాయ చేసిన బొక్క వదిలేస్తే నీళ్లు ఆగుతాయా? ఇదీ అంతే. మూడుసార్లు సీల్ మార్చినవాళ్లు మూడుసార్లూ కాలర్ బయటికి తీశారో లేదో అడుగు. సీల్ ఒక్కటే పీకి కొత్తది కొట్టడం పది నిమిషాల పని, కాలర్ కదిలించకుండానే అయిపోతుంది. నాకు అనుమానం అక్కడే.

ఓ రింగ్ పెద్ద ఖరీదేం కాదు. కానీ సైజు కచ్చితంగా నీ బండిదే కావాలి. బోరు పంపుల షాపులో దొరికే ఏదో ఓ రింగ్ వేస్తే వేడి నూనెకు ఉబ్బి వారం రోజుల్లో పోతుంది. స్పేర్ పార్ట్స్ షాపులో బొమ్మ చూపించి, కాలర్ కూడా ఉంటే అదీ తెప్పించుకో.

విప్పేటప్పుడు కాలర్ ఏ ముఖం లోపలికి ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకో. తిరగేసి పెడితే ఓ రింగ్ తన చోట కూర్చోదు. కాలర్ బయటికొచ్చాక వెలుతురులో పట్టుకుని, సీల్ రాసుకున్న చోట గోరుతో అడ్డంగా గీసి చూడు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గాడి పడినట్టు. ఇసుక సీల్ అంచుకు అంటుకుని, లేత్ మిషన్ మీద పట్టు పెట్టినట్టు ఇనుమునే కోసేస్తుంది. ఆ గాడి మీద కొత్త సీల్ నిలవదు, కాలర్ మార్చాలి. దొరక్కపోతే కొత్త సీల్‌ను పాతదాని కన్నా ఒక మిల్లీమీటర్ తేడాగా కూర్చోబెడితే అంచు కొత్త చోట రాసుకుంటుంది. అయితే వెనక బేరింగ్‌కు తగలకుండా చూసుకోవాలి. ఇది తాత్కాలికమే అయినా ఒక పంట కాలం నడుస్తుంది.

సీల్ ఎక్కించేటప్పుడు దాని లోపలి సన్న స్ప్రింగ్ ఉన్న వైపు ఇంజిన్ లోపలికి, అంటే ఆయిల్ వైపుకు ఉండాలి. అంచుకు కాస్త గ్రీజు రాయాలి. షాఫ్ట్ పళ్లు బ్లేడుల్లాంటివి, వాటి మీద టేపు చుట్టి ఎక్కిస్తే అంచు తెగదు. నేను మొదట చెప్పిన ‘పెట్టేటప్పుడే తెగడం’ ఇక్కడే జరుగుతుంది. సుత్తితో ఒక పక్క కొట్టొద్దు. సీల్ బయటి అంచుకు సరిపోయే గొట్టం కానీ, పెద్ద సాకెట్ కానీ పెట్టి సమంగా నొక్కాలి.

కవర్ విప్పినప్పుడే ఇంకో రెండు చూడు. గడ్డికట్టలు కట్టే మిషన్ వదిలేసిన నైలాన్ దారం మన పొలాల్లో ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల దగ్గర గోనె సుతిలి ఉంటుంది. అవి చైన్‌తో పాటు లోపలికి పోయి కాలర్ చుట్టూ బిగుసుకుంటాయి. సీల్ అంచును దారంతో కోసినట్టు కోస్తాయి. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఒక బండికి నేను కాలర్ మీద నుంచి మూరెడు నీలం దారం తీశాను. నూనెలో నాని నల్లబడి, మొదట అది సీల్ ముక్కే అనుకున్నాను.

రెండోది చైన్. ఈ బండ్లకు వెనక షాకప్ ఎక్కువ దూరం కదులుతుంది. ఖాళీ బండి మీద సరిపోయిందనుకున్న చైన్, గుంతలో షాకప్ కిందికి నొక్కుకున్నప్పుడు తీగలా బిగుస్తుంది. ఆ లాగుడంతా చిన్న స్ప్రాకెట్ షాఫ్ట్ బేరింగ్ మీద పడుతుంది. ఇద్దరు బరువైన మనుషుల్ని వెనక కూర్చోబెట్టి, వెనక ఇరుసు, చిమ్టా (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) బోల్టు, చిన్న స్ప్రాకెట్ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్ చేత్తో కదిపి చూడు. అప్పుడు కూడా కాస్త ఆడాలి. మన దగ్గర చైన్ వదులుగా ఉంటే చప్పుడొస్తుందని అందరూ బిగించేస్తారు. రోడ్డు బండికి నడిచిన లెక్క ఈ బండికి నడవదు. ఎన్ని మిల్లీమీటర్లు వదలాలో నీ బండి పుస్తకంలో ఉంటుంది.

చివరగా, స్ప్రాకెట్ తీసేసి ఉన్నప్పుడే షాఫ్ట్ కొస పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడు. చేతికి తెలిసేంత ఆడితే లోపల బేరింగ్ పోయింది. అలా అయితే మీ రెండో మెకానిక్ చెప్పిందే నిజం, ఇంజిన్ విప్పక తప్పదు, అప్పుడు ఆలస్యం చేయకు. ఆడకపోతే మాత్రం విప్పించొద్దు. ముందు ఓ రింగ్, కాలర్, సీల్ మూడూ కలిపి మార్చి మళ్లీ పౌడర్ చల్లి చూడు.

అప్పటిదాకా గుట్టల మీదికి పోకు తమ్ముడూ. చిన్న స్ప్రాకెట్ దగ్గర కారే నూనె చైన్ వెంట వెనక్కి పోయి టైరు మీద, డిస్కు మీద పడుతుంది. ఎత్తు దిగుతుంటే బ్రేక్ పట్టకపోతే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. డిస్కు ప్యాడ్లకు ఇప్పటికే నూనె తాగించి ఉంటే వాటిని కడిగి వాడకు, మార్చేయ్.

ప్రశ్న: నమస్తే అన్నగారూ. నేను అమ్రాబాద్ మండలంలో తండా బడిలో టీచర్‌ని. రోజూ నలభై కిలోమీటర్లు ఆఫ్‌రోడ్ బండి మీదే వెళ్లి వస్తాను. ఆయిల్ మార్పించిన ప్రతిసారీ వారం పాటు ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోంచి నూనె కారుతుంది. తర్వాత దానంతట అదే తగ్గిపోతుంది. ఇది ఇంజిన్ పాడవుతున్న గుర్తా?

జవాబు: కాదు మేడం, కంగారు పడకండి. ఆయిల్ ఎక్కువ పోస్తున్నారు, అంతే. దానంతట అదే తగ్గిపోతోందన్నారు కదా, ఎక్కువైనదంతా బయటికి పోయాక ఆగుతోంది.

పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ ఇంజిన్ అడుగున ఉన్న గాలిని నొక్కుతుంది. నిమిషానికి ఆరువేల చుట్లు తిరుగుతుంటే సెకనుకు వంద నొక్కుళ్లు. ఆ గాలి పోవడానికి ఒక బ్రీతర్ పైపు ఉంటుంది, అది ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వెళ్తుంది. ఆయిల్ ఎక్కువైతే గాలితో పాటు నూనె కూడా ఆ పైపులోకి ఎక్కుతుంది.

ఎందుకు ఎక్కువ పోస్తున్నారో కూడా ఊహించగలను. బండి సైడ్ స్టాండ్ మీద ఎడమకు వాలి ఉండగానే ఇంజిన్ కుడి పక్క ఆయిల్ ఎంతుందో కనబడే చిన్న అద్దం చూసి, తక్కువుందని ఇంకాస్త పోస్తారు. చూడాల్సిన పద్ధతి అది కాదు. చదునైన నేల మీద, ఇంజిన్ కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, ఒకరు బండి నిటారుగా పట్టుకుంటే ఇంకొకరు చూడాలి. రెండు గీతల మధ్య ఉంటే చాలు, పై గీత దాకా నింపాల్సిన పని లేదు. మీ బడి వరండాలో పిల్లల్ని ఎవరినైనా హ్యాండిల్ పట్టుకోమనకండి, బండి బరువు. పెద్దవాళ్లనే పిలవండి.

ఒకవేళ సరిగ్గా పోసినా కారుతుంటే, బ్రీతర్ పైపు ఎక్కడైనా నలిగిందా, మట్టితో మూసుకుందా చూపించండి. గాలి పోయే దారి మూసుకుంటే అది సీళ్లను, ప్యాకింగులను తోసుకుని బయటికొస్తుంది. ఒకే నెలలో రెండు మూడు చోట్ల లీకు మొదలైన బండి నా దగ్గరికి వస్తే నేను మొదట చూసేది ఈ పైపునే.

మీ దారిలో వాగులు ఉంటాయి కాబట్టి ఇది కూడా చెప్పాలి. బండి వేడి మీద ఉన్నప్పుడు నీళ్లలో లోతుగా దిగితే ఇంజిన్ ఒక్కసారిగా చల్లబడి, అదే పైపులోంచి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. ఆ తర్వాత అద్దంలో నూనె పాలు ఎక్కువైన చాయ్ రంగులో కనబడితే బండి నడపకండి. తోసుకునైనా తీసుకెళ్లి ఆయిల్ మార్పించండి. రోజూ అంత దూరం, ఆ అడవి దారిన, పిల్లల కోసం వెళ్తున్నారు. మీ బండి దారిలో ఆగిపోకూడదని నా కోరిక.

ప్రశ్న: మెకానిక్ తమ్మునికి నమస్కారం. మాది కల్వకుర్తి. మా పిల్లగాని బండికి కింద ఆయిల్ తీసే నట్టు దగ్గర కారుతుంటే, ఎవరో నట్టు దారాలకు (మరలకు) ప్లంబర్ టేపు చుట్టి బిగించారు. అయినా ఆగలేదు. తర్వాత ఎం-సీల్ పెట్టారు. అదీ ఊడింది. పర్మినెంట్‌గా ఆగే మార్గం ఉందా?

జవాబు: ఉందన్నా. ముందు ఆ టేపు పూర్తిగా తీయించు. దాని పీలికలు తెగి నూనెలో కలిస్తే సన్నటి ఆయిల్ దారులకు అడ్డం పడతాయి. ఇంజిన్ పైభాగమైన హెడ్డుకు ఆయిల్ అందకపోతే నీకు ఇప్పుడున్న లీకు చాలా చిన్న బాధ అనిపిస్తుంది.

నట్టు ఇనుము, ఇంజిన్ అల్యూమినియం. మెత్తని దాంట్లో గట్టిది పొడుగు పానాతో బిగిస్తే మెత్తని దారాలు కోసుకుపోతాయి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొద్దికొద్దిగా పోయి చివరికి నట్టు ఊరికే తిరుగుతుంది. నీ పిల్లగాని బండికి నట్టు బిగుసుకుంటోందా, తిరుగుతూనే ఉందా? బిగుసుకుంటే దారాలు ఉన్నట్టే. కింది వాషర్ మారిస్తే సరిపోతుంది. రాగిదైనా అల్యూమినియందైనా ఆ వాషర్ ఒకసారి నలిగి కూర్చుంటుంది, రెండోసారి అంత బాగా కూర్చోదు. ఆయిల్ మార్చినప్పుడల్లా కొత్తది వేయించు.

తిరుగుతూనే ఉంటే మంచి లేత్ పనివాడి దగ్గరికి తీసుకుపో. పాత దారాలు తీసేసి, హెలికాయిల్ అనే స్టీలు చుట్ట దారం లోపల కూర్చోబెడతాడు. పాత నట్టే దానికి పడుతుంది, మునుపటి కన్నా గట్టిగా ఉంటుంది. పని చేసేటప్పుడు పొట్టు లోపలికి పోకుండా డ్రిల్లుకు గ్రీజు పూయమని చెప్పు. అయిపోయాక కాస్త ఆయిల్ పోసి కడిగి వదలమను. పెద్ద నట్టు పెట్టి బలవంతంగా కొత్త దారం కోస్తానంటే ఒప్పుకోకు, ఇంజిన్ అడుగు పగులుతుంది.

పాత ఆయిల్ ఏం చేస్తున్నారో నీ ఉత్తరంలో లేదు కానీ చెబుతున్నా. కాలువలో, చెట్టు మొదట్లో పోయొద్దన్నా. చైన్‌కు కూడా రాయొద్దు. అందులో ఉన్న ఇనుప రజను చైన్‌ను తింటుంది, చిమ్మిన నూనె ఇంజిన్ మీద పడి లేని లీకు ఉన్నట్టు కనబడుతుంది. అలా వచ్చిన బండ్లు చాలా చూశాను. కడిగి పౌడర్ చల్లితే ఇంజిన్ పొడిగా ఉంటుంది, చైన్ చుట్టూనే చుక్కలు. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చేయండి.

ప్రశ్న: అన్నా, గద్వాల నుంచి. హెడ్డు కవర్ దగ్గర కొంచెం చెమ్మ ఉంది. చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తే ఆగిపోతుందని ఒకరు, కారు ఆయిల్‌లో లీకు ఆపే మందు కలిపి పోయమని ఇంకొకరు చెప్పారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. చిక్కటి ఆయిల్ లీకును ఆపదు, కాస్త నెమ్మది చేస్తుంది. నీ బండికి పుస్తకంలో పల్చటి ఆయిల్ రాసి ఉంటే, పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి నూనె పైకి ఎక్కడానికి ఆలస్యం అవుతుంది. కారు ఆయిల్ అసలే వద్దు. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కొన్ని కారు ఆయిళ్లలో జారుడు ఎక్కువ చేసే మందులు ఉంటాయి, వాటితో క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఇలాంటి క్లచ్ ఉన్న బండ్లకు సరిపోతుందనే గుర్తు) అని ఉందో లేదో చూసి కొను. లీకు ఆపే మందు రబ్బరును ఉబ్బిస్తుంది, అది కూడా క్లచ్‌కు మంచిది కాదు.

హెడ్డు కవర్ చెమ్మకు మందు చాలా తేలిక. కవర్ రబ్బరు ప్యాకింగ్ గట్టిపడి ఉంటుంది, కొత్తది వేయించు. పాత రబ్బరు మీద అనాబాండ్ (లీకు ఆపే జిగురు) పూసి బిగించే అలవాటు మన దగ్గర బాగా ఉంది, నాకది నచ్చదు. కవర్ అంచులో అర్ధచంద్రాకారంగా ఉండే చోట, మూలల్లో మాత్రం గింజంత పెడితే చాలు. ఎక్కువ పూస్తే లోపలికి పిండుకుని ముక్కలై ఆయిల్ జాలీలో చేరుతుంది. కవర్ బోల్టులు కూడా ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర క్రషర్‌లో పనిచేస్తాను. బండి ముందు షాకప్ కుడివైపు నూనె కారుతోంది. సీల్ మార్చి మూడు నెలలే అయింది. మళ్లీ మార్చాలా?

జవాబు: తమ్ముడూ, మార్చేముందు ఒక చిన్న పని చేసి చూడు. షాకప్ మీది దుమ్ము రబ్బరును మెల్లగా పైకి జరుపు. కంకర దుమ్ము అక్కడ చేరి సీల్ అంచు కింద ఇరుక్కుని ఉంటుంది. ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఉంటుంది కదా, దాన్ని రెండు వేళ్ల వెడల్పున కోసి, ఒక మూల చిన్న కొక్కెంలా కత్తిరించు. ఆ కొక్కేన్ని సీల్‌కూ గొట్టానికీ మధ్య మెల్లగా దూర్చి చుట్టూ తిప్పితే సన్నటి బూడిద రంగు మడ్డి బయటికొస్తుంది. ఇనుప బ్లేడు, సూది వాడకు. తుడిచి, షాకప్‌ను పదిసార్లు నొక్కి, మళ్లీ తుడువు. చాలా బండ్లకు కొత్త సీల్ అక్కర్లేకుండానే ఆగిపోతుంది.

ఆగకపోతే గొట్టం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి నెమ్మదిగా లాగు. రాయి తగిలి లేచిన చిన్న ముక్క వేలికి గుచ్చుకుంటుంది. అది ఉన్నంత కాలం నువ్వు ఏ సీల్ వేసినా మూడు నెలలే. 1500 నంబర్ నీటి కాగితంతో ఆ లేచిన చోటు మాత్రమే చదును చేసి, అప్పుడు కొత్త సీల్ వేయించు. ఒక పక్కే కారినా రెండు పక్కలా ఆయిల్ మార్చి సమంగా పోయించు. క్రషర్ దుమ్ములో రోజూ తిరుగుతావు కాబట్టి సాయంత్రం ఇంటికొచ్చాక తడిగుడ్డతో ఆ రెండు గొట్టాలూ తుడవడం అలవాటు చేసుకో.